వాగు మరిచిపోయిన పాట

"నలభై ఎనిమిది! నలభై తొమ్మిది! యాభై!"

జడ్జి సుద్దముక్క పారేసి రెండు చేతులూ పైకెత్తాడు. రమ్ము కొట్టు ముందు జనం ఒక్కసారిగా హోరెత్తిపోయారు.

మా బెర్బీస్ తీరంలో ఆదివారం ఉదయమంటే ఇదే సందడి. రెండు కర్రలకు రెండు పంజరాలు పక్కపక్కనే తగిలిస్తారు. ఒక్కోదానిలో ఒక్కో తోవా-తోవా: నల్లటి రెక్కలు, ఇటుకరంగు పొట్ట, లావుపాటి ముక్కు, పిడికిట్లో ఇమిడిపోయేంత పిట్ట. ముందుగా యాభై కూతలు కూసినదే గెలిచినట్టు. సైకిలుకు పంజరం తగిలించుకోకుండా మా మగవాళ్ళు కూరల కొట్టుకైనా వెళ్ళరు. కన్నకొడుకు ఏ తరగతి చదువుతున్నాడో చెప్పలేనివాడు కూడా తన పిట్ట నిన్న ఎన్ని గింజలు తిన్నదో ఠక్కున చెబుతాడు. నవ్వుకుంటే నవ్వుకోండి, ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

ఆనాడు గెలిచిన పిట్ట పేరు సార్జెంట్. దాని యజమాని దూద్‌నాథ్, బియ్యం మిల్లులో పనివాడు. దేశమంతటి పోటీలో రెండేళ్ళుగా కప్పు అతనిదే. ఆగస్టులో మూడోసారి కూడా కొడితే మా జిల్లాలో ఇంతవరకు ఎవరికీ దక్కని పేరు అతనికి దక్కుతుంది. అతను తిన్నా, పడుకున్నా అదే ధ్యాస.

"బాబాయ్, నీ పిట్ట గొంతులో మోటారు బిగించావా ఏంటి?" అని ఓడిపోయిన పర్సాద్ మూతి ముడిచాడు.

"ముందు నీదానికి నోరుందో లేదో చూసుకోరా!"

ఆ నవ్వుల మధ్యలోంచి ఒకామె తోసుకుంటూ వచ్చింది. పేరు యోనెట్. విశ్వవిద్యాలయంలో పక్షుల మీద పరిశోధన చేస్తుంది. మూడేళ్ళుగా పొలాల వెనక గడ్డిమైదానాల్లో, మెడలో రికార్డరుతో తిరుగుతోంది. ఆమె కళ్ళు మెరిసిపోతున్నాయి.

"అంకుల్, ఈ పిట్టను ఎక్కడ పట్టారు?"

"నల్లవాగు దగ్గర. ఎనిమిదేళ్ళయింది. ఏం మిస్, పన్ను వేస్తారా?"

"దొరికింది! అమ్మయ్య, దొరికింది!" అంటూ ఆమె చిన్నపిల్లలా గెంతింది. గబగబా అతని చెవికి ఫోను ఆనించింది. ముప్ఫై ఏళ్ళ కిందట ఎవరో నల్లవాగు దగ్గర రికార్డు చేసిన పాట అది. చివర్లో పైకి లేచి, మెలిక తిరిగి, జారినట్టు దిగుతుంది. సార్జెంట్ పాట కూడా అచ్చం అంతే.

"ఇప్పుడు వాగు దగ్గర ఈ మెలిక పాడే పిట్ట ఒక్కటి కూడా లేదంకుల్. పాట గుడ్డులోంచే రాదు. పక్కన పెద్ద మగపిట్ట పాడుతుంటే విని విని పిల్లపిట్ట నేర్చుకుంటుంది. నేర్పే పిట్టే లేకపోతే సగంలో ఆగిపోతుంది. సగం పాటకు ఆడపిట్ట రాదు. మూడేళ్ళ కిందట నలభై గూళ్ళు లెక్కపెట్టాను, ఈ ఏడు పదకొండే ఉన్నాయి. వానలు తగ్గేదాకా మీ సార్జెంట్‌ను అక్కడ ఉంచనివ్వండి."

దూద్‌నాథ్ ముఖం గంటుపెట్టుకున్నాడు. "అడవిపిట్టల్లో పెడితే పందెంపిట్ట చెడిపోతుంది. ఊళ్ళో ఇన్ని పంజరాలుండగా మీకు నాదే దొరికిందా? కుదరదు మిస్."

ఇంటికి వెళ్ళాక ఆ సంగతే చెప్పి గొణుగుతుంటే, పెనం మీద రొట్టె తిప్పుతూ భార్య సుమింత్ర అంది: "ఇవ్వనంటే ఇవ్వకు. వెళ్ళి ఒకసారి వినొచ్చేందుకు నీ సొమ్మేం పోయింది?"

మర్నాడు తెల్లవారగానే అతను యోనెట్ వెంట నల్లవాగుకు వెళ్ళాడు. అతని చిన్నతనంలో ఆ వేళకు అక్కడ పక్కవాడి మాట వినబడేది కాదు, అన్ని పిట్టలుండేవి. ఇప్పుడు గడ్డిలో గాలి చప్పుడు తప్ప మరేమీ లేదు. చాలాసేపటికి ఒక కుర్రపిట్ట కొమ్మెక్కింది. దాని కాలికి యోనెట్ గుర్తుగా తొడిగిన ఎర్ర కడియం ఉంది. అది నాలుగు కూతలు కూసి ఆగిపోయింది. మెలిక వస్తుందని దూద్‌నాథ్ ఊపిరి బిగబట్టి ఎదురుచూశాడు. రాలేదు. పిట్ట మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే ఆగింది.



"నేనే మిస్," అన్నాడు దూద్‌నాథ్ ఆ కొమ్మకేసే చూస్తూ. "పుల్లలకు బంక పూసి ఈ ఒక్క వాగులోనే అరవైకి పైగా పట్టాను. బాగా పాడేవాటినే ఏరి ఏరి పట్టాం. పాట రానివాటిని ఎందుకూ పనికిరావని వదిలేశాం."

ఆ సాయంత్రమే సార్జెంట్ పంజరం వాగొడ్డున కొమ్మకు వేలాడింది. మొదటి వారమంతా యుద్ధమే. ఎర్ర కడియం పిట్ట వచ్చి పంజరం మీద ముక్కుతో పొడిచేది, సార్జెంట్ ఒళ్ళంతా పొంగించి తిట్టినట్టు అరిచేది. రెండో వారానికి కుర్రది కాస్త దూరంగా కూర్చుని వినసాగింది. యోనెట్ రోజూ రాసుకునేది. దూద్‌నాథ్ మిల్లుకు వెళ్ళేముందు ప్రతి ఉదయం వచ్చి గింజలు వేసి, ఆమె నోరు తెరవకముందే "ఇవాళేమంది?" అని ఆత్రంగా అడిగేవాడు.

ఆగస్టు వచ్చింది. పోటీ జరిగే ఆదివారం పర్సాద్ తన పంజరంతో సహా సైకిలు తొక్కుకుంటూ వాగు దాకా వచ్చేశాడు.

"బాబాయ్! బస్సు నీకోసమే ఆగింది! మూడో కప్పు! పంజరం దించు!"

దూద్‌నాథ్ చెయ్యి పంజరం కొక్కెం మీదికి వెళ్ళింది. యోనెట్ మెల్లగా అంది: "పిట్ట మీది అంకుల్, నేను ఆపను. కాకపోతే ఎర్ర కడియం రెండు రోజులుగా చివరికంటా ప్రయత్నిస్తోంది. నేర్చుకునే కాలం అయిపోవస్తోంది. ఇప్పుడు తీసేస్తే మళ్ళీ వచ్చే ఏడే."

"బస్సు వెళ్ళిపోతుంది బాబాయ్!"

"వెళ్ళనీరా," అన్నాడు దూద్‌నాథ్. కప్పు పోతోందని ఏడుపు తన్నుకొస్తున్నా, కొక్కెం మీది నుంచి చెయ్యి తీసేశాడు.

సార్జెంట్ పాడింది. ఎదుటి కొమ్మ మీద ఎర్ర కడియం మెడ చాచింది. నాలుగు కూతలు కూసింది. ఆగింది. ముగ్గురూ కదలకుండా నిలబడ్డారు. అంతలో ఆ కుర్రపిట్ట గొంతు పైకి లేచింది, మెలిక తిరిగింది, జారుతూ దిగింది!

"పాడింది! చివరిదాకా పాడిందంకుల్!" యోనెట్ అరుపు వాగంతా మారుమోగింది. దూద్‌నాథ్ ఆమె రెండు చేతులూ పట్టుకుని, కట్టు విప్పిన లేగదూడలా గంతులేశాడు. కళ్ళనీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. ఎర్ర కడియం మళ్ళీ పాడింది. మూడోసారి పాడేసరికి అవతలి ఒడ్డు నుంచి గోధుమరంగు ఆడపిట్ట ఒకటి ఎగిరొచ్చి పక్క కొమ్మ మీద వాలింది.

 పర్సాద్ సైకిలు స్టాండు వేసి, తన పంజరం చేతిలోకి తీసుకుని దగ్గరికి వచ్చాడు.

"నాదీ ఈ వాగు పిట్టే కదా బాబాయ్. ఎక్కడ కట్టమంటావ్?"

దూద్‌నాథ్ అతనికి ఒక మంచి కొమ్మ చూపించాడు. భుజం మీద చెయ్యి వేసి అన్నాడు:

"పాఠం చెప్పేవాళ్ళందర్నీ పట్టుకెళ్ళి మన వసారాల్లో ఖైదు చేసుకున్నాం పర్సాద్. చేసిందంతా మనం చేసి, అడవికి పాట రావడం లేదేమిటని అడుగుతున్నాం!"