మూడింటికి ఎడమవైపు

చెవి మిషన్లు అమర్చడంలో కోడలిది పదకొండేళ్ల అనుభవం. ఊరందరి చెవులూ చూస్తూ ఇంట్లో అత్తగారితో అరిచి మాట్లాడాలంటే నామోషీగా ఉండి, కొత్తరకం జత తెచ్చి తానే పెట్టింది. తల ఎటు తిరిగితే అటువైపు మాటను పట్టి అందించే రకమది. తల ఎప్పుడు ఎటు తిరిగిందో, ఎప్పుడు ఊగిందో లోపలి సెన్సర్ గుర్తుపెట్టుకుంటుంది కూడా.

నెల తిరిగాక తాను పనిచేసే దుకాణంలో ఆ రికార్డు తెరిచి చూసింది. రోజూ మధ్యాహ్నం మూడింటికి తల ఎడమవైపు నలభై డిగ్రీలు తిరుగుతోంది. ఇరవై నిమిషాలు అటే ఉంటోంది, ఆగి ఆగి ఊగుతోంది. ఆ వేళ ఇంట్లో అత్తగారు తప్ప నరమానవుడుండడు. ఆవిడ కూర్చునే కుర్చీకి ఎడమవైపున ఉన్నది మామగారి పడక కుర్చీ. ఆయన పోయి రెండేళ్లయింది. బతికున్నన్నాళ్లూ ఆయన మాట పెడచెవిన పెట్టిన ఇల్లాలు ఇప్పుడు ఎవరికి తలూపుతున్నట్టు?

కోడలికి భయం వేసింది. అమ్మ తనలో తాను మాట్లాడుకుంటోంది, వృద్ధాశ్రమంలో చేర్పిద్దామని మొగుడు అప్పటికే చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు. ఈ రికార్డు కంటపడితే ఇక ఆగడు. అత్తగారంటే ఆమెకు ప్రాణం. కానీ మొగుడు ఏమన్నా తలూపడం తప్ప కాదనడం ఆమెకు చేతకాదు.

తప్పు తనదేనేమోనని చిన్న ఆశ పుట్టింది. మిషన్లు పెట్టిన రోజు "నేరుగా చూడండి అత్తయ్యా" అంటే, ఆవిడ గోడ మీది ఎర్ర చుక్కను వదిలేసి కుడిపక్కన కూర్చున్న కోడలి మొహంలోకి చూసింది. మిషన్ దాన్నే ఎదురనుకుంది. అందుకే అసలైన ఎదురును ఎడమ అంటోందేమో. అలాగైతే మూడింటికే ఎందుకు, రోజంతా అలాగే చూపించాలి కదా అన్న ప్రశ్నను మనసులోనే తొక్కిపెట్టింది. ఈసారి తాను వెనక నిలబడి, ఎర్ర చుక్కనే చూడమని చెప్పి మళ్లీ అమర్చింది.

మర్నాటి రికార్డులోనూ అదే. మూడింటికి, ఎడమవైపు, నలభై.

ఆ మరుసటి రోజు సెలవు పెట్టి, ఆ మిషన్లు తన చెవులకు పెట్టుకుని, సరిగ్గా మూడింటికి అత్తగారి కుర్చీలో కూర్చుంది. మెడ బిగబట్టి ఎదురుగా ఉన్న గడియారాన్నే చూసింది. ఇరవై నిమిషాలూ దాని టిక్కుటిక్కు తప్ప ఏమీ వినిపించలేదు. అమ్మయ్య అనుకుని రికార్డు తెరిచింది.

తల ఎడమవైపు నలభై డిగ్రీలు తిరిగి ఉంది. చివర్లో మూడుసార్లు ఊగింది.

చెవుల్లో ఏమీ లేక పిలిచినా పలకని అత్తగారు చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. పడక కుర్చీకేసి చూసి, కోడలికేసి చూసింది.

"ఒప్పుకున్నావటగా అమ్మాయ్, నన్నెక్కడికీ పంపనివ్వనని. మీ మామయ్య ఇప్పుడే చెప్పారు."

సాయంత్రం భోజనాల దగ్గర మొగుడు ఆశ్రమం మాట ఎత్తాడు. రేపే వెళ్లి మాట్లాడొద్దాం, సరేనా అన్నాడు. ఆమె ఎప్పటిలాగే తలూపబోయింది.

తల ఊగలేదు. మెల్లగా ఎడమవైపు తిరిగి, అక్కడే ఆగిపోయింది.