చదవకుండా దాటేసిన పేజీలు

అట్ట మీద డాలు పట్టుకున్న సైనికుడి బొమ్మ బాగానే ఉంది, కానీ బొమ్మ అన్నయ్యకెందుకు, ఆయన చూపు పోయి మూడేళ్లయింది, ఆయనకు కావలసింది తను చదివి వినిపిస్తే వినడానికి బాగుండే అనువాదం, రెండున్నర వేల ఏళ్ల నాటి ఆ గ్రీకు యుద్ధ చరిత్రని ఈమధ్య ఎవరైనా చక్కగా చేశారేమో చూసి పట్రావే చిట్టీ, మనింట్లో ఉన్నది అతుకుల బొంత, అన్నాడు పొద్దున, ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పిన గొంతు కదా, కాదనలేక తలూపింది, ఊపితే ఆయనకు కనబడదని గుర్తొచ్చి సరే అన్నయ్యా అని పైకి కూడా అంది, కుట్టుమిషను మీద సగం కుట్టిన చొక్కా అలాగే వదిలి మధ్యాహ్నమే పుస్తకాల షాపుకొచ్చి బల్ల మీద రెండు అనువాదాలు తెరిచి నిలబడింది, అతుకుల బొంతట, ఆ అతుకులు ఎవరివో తెలిస్తే.

మొదటిసారి పేజీలు దాటేసింది మాత్రం జాలితోనే, ఒట్టు, ఆ గ్రీకు నగరంలో మహమ్మారి వచ్చిన చోటు, ఒళ్లంతా మంట, ఆరని దాహం, వదిన అలాంటి జ్వరంతోనే పోయింది, ఆస్పత్రిలోకి ఎవర్నీ రానివ్వలేదు, అన్నయ్య మూడు రోజులు గేటు దగ్గరే కూర్చున్నాడు, ఆయన ముందు ఇది ఎలా చదవను అనుకుని ఎనిమిది పేజీలు తిప్పేసి, ఆ తర్వాతి వేసవిలో, అంటూ అందుకుంది, కత్తిరించిన చోటు కనబడకుండా కలిపేయడం తన వృత్తేగా, ఆయన ఊఁ, కానీ, అన్నాడు, సరే అది జాలి, మరి మర్నాడు రాయబారుల ఉపన్యాసం మొత్తం ఎగరగొట్టింది ఏం జాలి, నడుం నొప్పి, సీరియల్ టైము, ఆపైన ఓడల లెక్కలు, ఆపైన ముట్టడి, చివరికి ఎక్కడ ఆపిందో మరిచి వెనక పేజీ అందుకునేసరికి ఒక సేనాపతి చచ్చిపోయిన రెండు రోజులకు మళ్లీ వచ్చి సంధి చేసుకున్నాడు, అన్నయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు, ఈ అనువాదకురాలికి బుద్ధుందా అసలు, కాగితం తీయవే.

రాసింది, ఆయన చెప్పినట్టే, అమ్మా, మీరు మూలాన్ని మింగేశారు, తెలియని పని పెట్టుకోకుండా ఉండాల్సింది, అని ఒక్క ముక్క పొల్లుపోకుండా రాసి పోస్టు కూడా చేసింది, చింపేయొచ్చుగా, లేదు, ఆయనతో ఇంకో అబద్ధం ఆడకూడదనుకుంది, ఆహా ఏం నిజాయితీ, పదిహేను రోజులకు వణికే అక్షరాలతో జవాబొచ్చింది, అయ్యా, నాకు డెబ్బై ఆరేళ్లు, దీనికి పదకొండేళ్లు పట్టింది, తెలిసి ఒక్క వాక్యం వదల్లేదు, ఏ పేజీలో పోయిందో చెబితే దిద్దుకుంటాను, ఆ కాగితం బీరువాలో బట్టల కింద ఉంది, అన్నయ్య అడిగినప్పుడల్లా, ఏమీ రాలేదన్నయ్యా.

షాపు బల్ల మీది ఈ రెంటిలో ఒకటి కోర్టు నోటీసులా ఉంది, వాక్యం పూర్తయ్యేలోపు ఊపిరి అయిపోతుంది, రెండోది టీవీ వార్తల అరుపు, షాపాయన వచ్చి ఎవరికమ్మా అన్నాడు, చదివి వినిపించాలండీ, అయితే ఈ రెండూ పక్కన పెట్టండి, అని నిచ్చెనెక్కి ఒకటి దించాడు, ఒక పెద్దావిడ చేసిందమ్మా, పైకి చదివితే ఎదురుగా కూర్చుని చెప్పినట్టే ఉంటుంది, దీన్ని మించింది లేదు, చూస్తే అదే, ఇంట్లో ఉన్నదే, చెయ్యి దానంతటదే ఆ ఎనిమిది పేజీల దగ్గరకు పోయింది, ఎప్పుడూ చదవని పేజీలు, అందరూ భయపడి దూరంగా పోతుంటే కొందరు తమ వాళ్లను వదిలేయడానికి సిగ్గుపడి ప్రాణాలకు తెగించి లోపలికి వెళ్లారట, ఎంత మెత్తగా రాసిందావిడ, గేటు దగ్గర కూర్చున్న మనిషి వినాల్సిన మాటలు కదా ఇవి, ఆపడానికి తనెవరు.

వీధిలోకి వచ్చి ఫోను చేసింది, దొరికిందా చిట్టీ, దొరికింది అన్నయ్యా, మనింట్లో ఉన్నదే మంచిది, పేజీలు నేను తిప్పేశాను, జ్వరం వచ్చిన చోటు, ఇంకా చాలా చోట్ల, అనువాదం చేసినావిడ జవాబు కూడా రాసింది, డెబ్బై ఆరేళ్లట, నేనే దాచాను, తిడతాడనుకుంది, తిట్టినా బాగుండును, అయ్యో, అన్నాడు, అంత పెద్దావిడని పట్టుకుని నేనెంత మాటన్నానే, ఆ గొంతులో సిగ్గు వినబడింది, జీవితంలో ఒక్క పిల్లాణ్ణి కూడా అన్యాయంగా దండించని మనిషి సిగ్గు, బస్సు వచ్చి ఆగి వెళ్లిపోయింది, ఆమె కదల్లేదు, ఇన్నాళ్లూ తప్పు తనొక్కదానిదే, తన దగ్గరే భద్రంగా ఉంది అనుకుంది, కానీ ఏ పాపం ఎరగని ఆవిణ్ణి అనిపించి ఆయన చేత కూడా తప్పు చేయించింది.