పిసకొద్దన్న కాలు

ఇబ్రహీంపట్నంల ఎవరి కాలు బెణికినా, ఎవరి నడుము పట్టినా ఇస్తారి దగ్గరికే వచ్చేటోళ్లు. ఆముదం వెచ్చజేసి బొటనవేళ్లతో నొక్కుకుంట పోతే ఏడ్చుకుంట వచ్చినోడు నవ్వుకుంట పోయేటోడు. ఆ చేతులంటే ఇస్తారికి మస్తు గర్వం.

రజాకార్లు జోరు మీదున్న ఆ వానకాలం, వాళ్లకు ఎదురు తిరిగిన సంఘపోళ్లకు రొట్టెలు మోసిండని తమ్ముడు నారయ్య పేరు ఎవడో రజాకార్లకు చెప్పిండు. ఇస్తారి తమ్మున్ని తన ఇంట్లనే అటుక మీద దాచిండు. అటుకంటే ఎంత? కుండల సందున మోకాళ్లు ముడుచుకుంటేనే మనిషి పట్టే జాగ.

"అన్నా, కాళ్లు తిమ్మిరెక్కినయ్. జర దిగుతనే."

"దిగితే పానం పోతది. కదలకు. కుండలు చప్పుడైతే బయటికి ఇనవడ్తది."

మాటిమాటికి దిగుతడని తాగనీకి నీళ్లు సుత తక్కువిచ్చిండు. గట్ల పదకొండు రోజులు.

యూనియన్ మిలిట్రీ వచ్చిందని, రజాకార్లు ఉరికిండ్రని తెలిసిన పొద్దు ఊరంత బజార్లకొచ్చి ఎగిరింది. నారయ్య పేరు చెప్పినోడు సుత ఎగిరే ఉంటడు, అందరికన్న ఎత్తుకు. నారయ్య నిచ్చెన దిగిండు గని ఎడమ కాలు కింద పెట్టలేకపాయె. పిక్క ఉబ్బి మెరుస్తున్నది, ముట్టుకుంటే కాలుతున్నది. కుడికాలు మాత్రం ఎప్పటి తీరే ఉన్నది.

నారయ్య పెండ్లాం సిద్దమ్మ ఉరికి కంపౌండర్ బాలస్వామిని పిలుచుకొచ్చింది. ఆయన పెద్ద లడాయిల మిలిట్రీ దవాఖానల పనిచేసొచ్చిన మనిషి. రెండు పిక్కలు దారంతో కొలిచిండు.

"ఇది బెణుకు కాదు. లోపలి పెద్ద నరంల నెత్తురు గడ్డకట్టింది. కదలకుండ, నీళ్లు తాగకుండ పడి ఉంటే పాలు తోడుకున్నట్టు తోడుకుంటది. తల కింద పెట్టే మెత్త మీద కాలు ఎత్తిపెట్టుండ్రి. పండవెట్టి బండిల పట్నం తీస్కపోండ్రి. గడ్డ పెరగకుండ పెద్ద దవాఖానల సూదిమందు దొరకొచ్చు."

బండి అన్న మాట ఇనంగనే సిద్దమ్మ బండి కోసం ఉరికింది. పోయేటి బాలస్వామి గడపల ఆగి మల్ల ఎనకకొచ్చిండు.

"ఇస్తారీ, నీ చేతులు ఊకుండయ్. పిసకకు. గడ్డల ముక్క ఊడితే పోయి ఊపిరితిత్తులల్ల అడ్డం పడ్తది."

"అవ్" అన్నడు ఇస్తారి. సూదులు పొడిచేటోనికి నరాల సంగతి ఏమెరుక అని లోపల అనుకున్నడు.

ఊళ్లె బండ్లన్నీ మిలిట్రీని చూడవోయినయ్. సిద్దమ్మ ఎంతకూ రాలే.

"పేలుతున్నదన్నా. ఊరందరికి పిసుకుతవ్, నాకు పిసకవా? నేనేమన్న పరాయోన్నా?" నారయ్య పండ్లు కరుచుకొనే నవ్విండు.

ఆ మాటకు ఇస్తారి ఆగలేకపోయిండు. ఆముదం వెచ్చజేసిండు. మడిమె నుంచి మోకాలు దాంక ముందు మెల్లగ, తర్వాత గట్టిగ పిసికిండు.

"హాయిగున్నదే" అన్నడు నారయ్య. జర సేపటికి దొడ్డికి పోయొస్తనని లేచి రెండడుగులేసిండు. రొమ్ము పట్టుకున్నడు. "అన్నా, గాలి..." అన్నడు. గంతే.

సిద్దమ్మ బండి తెచ్చేసరికి ఇస్తారి చేతులకు ఆముదం ఇంక ఆరలే.

బాలస్వామి మల్ల వచ్చి ఆముదంతో మెరుస్తున్న కాలు చూసిండు, ఇస్తారి మొఖం చూసిండు. బయటికొచ్చినంక, "పిసకకున్నా ఊడేదేమో, ఎవరు చెప్తరు" అన్నడు. తిట్టినా బాగుండు.

పిసకొద్దన్న మాట సిద్దమ్మకు తెల్వదు. "మా బావ చేతులల్లనే సుఖంగ పోయిండు" అని కనపడ్డోళ్లకల్ల చెప్పింది. ఆ మాట అన్నప్పుడల్ల ఇస్తారి తల దించుకునేటోడు. ఇగ ఎవరొచ్చినా చేతులల్ల బలం లేదని పంపేటోడు.

మూడేండ్లకు సిద్దమ్మే వరి నాటు కాడ కాలు బెణికి కుంటుకుంట వచ్చింది.

"బావా, జర చూడు."

"చేతులల్ల బలం లేదు సిద్దమ్మా."

"నా మొగనికి ఉన్న బలం నా తానికి వచ్చేసరికి లేకపాయెనా?"

ఇస్తారి నోరు తెరిచిండు. మూడేండ్ల మాట నాలుక దాంక వచ్చింది, మల్ల లోపలికే పోయింది. మెత్త తెచ్చి ఆమె కాలి కిందికి జరిపిండు, చెయ్యి తగలకుండ.

"పండుకో. బండి తెస్త. పట్నం పోదాం."

"బెణికిన కాలుకు పట్నమా బావా! పిచ్చి గిట్ల లేసిందా?" సిద్దమ్మ నవ్వింది.

ఇస్తారి అప్పటికే గడప దాటిండు.