రాగి పరీక్ష

పంతొమ్మిది వందల తొంభై ఎనిమిదిలో మార్కండేయ చేతులు వణకడం మొదలుపెట్టాయి. ధర్మవరంలో పట్టుచీరలు నేసే కుర్రవాడతను. పోగు తెగితే ముడి వేయలేకపోయేవాడు. మాట ముద్దగా వచ్చేది, పెదవి చివర చొంగ కారేది. చూసినవాళ్లకు తోచేది ఒక్కటే. మగ్గాల యజమాని ఆదెన్న మొహం మీదే అనేశాడు:

"తాగి మగ్గమెక్కితే చీర చెడిపోతాదప్పా. అది మానినాంక రా."

మార్కండేయ సారా వాసన కూడా ఎరగడు. ఆ మాట చెబుదామన్నా నాలుక తిరగక, తాగినవాడి మాటలాగే వినబడేది. అందుకని చెప్పడమే మానేశాడు. స్నేహితులు పలకరించడం మానేశారు. అనంతపురంలో ఒక డాక్టరు నరాల బలహీనత అన్నాడు. ఇంకొక డాక్టరు కాలేయం దెబ్బతిన్నదని, తాగుడు మానమని చెప్పి పంపించాడు.

చివరికి ఒక్కడే బెంగళూరు రైలెక్కాడు. అక్కడి పెద్దాసుపత్రిలో తెలుగు వచ్చిన డాక్టరమ్మ అతని కళ్లను యంత్రంతో చాలాసేపు చూసింది. నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం కనిపించింది.

"ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బని నా అనుమానం. అనుమానం మీద జీవితాంతం మందులు మింగించలేను కదా. ల్యాబు తేల్చాలి."

రక్తం తీశారు. ఒక పగలూ రాత్రీ మూత్రమంతా పట్టి తెమ్మని క్యాను ఇచ్చారు. దాన్ని పక్కన పెట్టుకుని వరండాలో కూర్చుంటే చుట్టూ ఉన్నవాళ్లు చాపలు దూరంగా జరుపుకున్నారు. క్యాను కనిపెట్టుకుని ఉండమని అడగడానికి ఎవరూ లేక, అన్నానికి కూడా లేవలేదు.

ఫలితాలు వచ్చాక డాక్టరమ్మ పిలిచింది. "రక్తంలో రాగిని మోసే పదార్థం బాగా తక్కువుంది. మూత్రంలో రాగి విపరీతంగా పోతోంది. నీ కాలేయాన్నీ మెదడునీ చెడగొట్టింది ఇదే. తాగుడు కాదు."

"ఇంగోసారి సెప్పమ్మా," అన్నాడు.

"తాగుడు కాదు నాయనా. తోడబుట్టినవాళ్లు ఉన్నారా?"

"సెల్లెలుండాది, పద్మజ. దానికేమీ లేదు."

"అయినా తీసుకురా. ఇది ఒకే కడుపున పుట్టినవాళ్లకు రావచ్చు."

పద్మజ నవ్వుకుంటూనే రక్తం ఇచ్చింది. పరీక్షల్లో ఆమెకూ అదే జబ్బని తేలింది, ఇంకా పైకి కనబడలేదంతే. తిరుగు రైల్లో మార్కండేయ కిటికీవైపు తిరిగి ఏడ్చాడు.

"ఏడుస్తావేందన్నా? నువ్వు రాకుంటే నాకు యాడ తెలిసేది?" అందామె.

మందులతో పద్మజకు ఏ లక్షణమూ రాలేదు. మార్కండేయకు మాట తేటపడింది గానీ, పట్టుపోగు పట్టేంత నిదానం చేతులకు రాలేదు. రాట్నం తిప్పి కండెలకు దారం చుట్టే పని దొరికింది. సంగతి తెలిసి ఆదెన్న ఇంటికొచ్చి, "తెలీక అన్న్యానప్పా," అన్నాడు. స్నేహితులకూ తెలిసింది. కానీ అతను లేకుండా ఉండడం వాళ్లకు అప్పటికే అలవాటైపోయింది.

పద్మజ పెళ్లయి గుమ్మఘట్టకు వెళ్లింది. ఆరునెలలకోసారి బెంగళూరు ల్యాబు దగ్గర అన్నాచెల్లెళ్లు కలిసేవారు. రక్తం ఇచ్చి, తెచ్చుకున్న రాగిసంగటి పంచుకుని తినేవారు. ఇంట్లో వదిలొచ్చిన బిడ్డ ఏడుస్తాడని ఆమె ముందే బస్సెక్కేది. అతను మర్నాటి దాకా ఉండి, ఇద్దరి ఫలితాలూ తీసుకుని వచ్చేవాడు.