సూరప్పడు రాసిన సంధిపత్రం

నేను ఒక యుద్ధాన్ని ఆపిన కాగితాన్ని. తలోరా దీవిలో పదకొండేళ్లు పేలిన తుపాకులు నా మీద రెండు సంతకాలు పడిన రోజున ఆగిపోయాయి. ఇప్పుడు నన్ను మ్యూజియంలో అద్దం కింద ఉంచారు. బడిపిల్లలు వచ్చి నా తేదీ రాసుకుని పోతుంటారు. నన్ను రాసిన మనిషి గురించి మాత్రం వాళ్లకెవరూ చెప్పరు.

అతని పేరు గొర్లె సూరప్పడు. చెరకు తోటల్లో కూలికని దొరలు అతని తాతను విశాఖపట్నం రేవులో ఓడెక్కించి ఈ దీవికి తెచ్చారు. సూరప్పడు తోటలోనే పుట్టాడు. దస్తూరి బాగుందని దొరల కచేరీలో గుమాస్తా పని దొరికింది. చివరికి దొరలు ఓడిపోయి, దీవిని దీవివాళ్లకు వదిలి వెళ్లే రోజు వచ్చింది. ఇరుపక్షాలూ ఒప్పుకున్న పందొమ్మిది షరతులను సాపు రాసే పని అతనికే అప్పగించారు.

ఏడో షరతు దగ్గర అతని కలం ఆగింది. దీవి జాతివాళ్లు ఇకపై దీవి పౌరులు. దొరలూ వాళ్ల కుటుంబాలూ ఆర్నెల్లలో సొంత దేశానికి వెళ్లిపోవాలి. అంతే. మూడు తరాలుగా తోటల్లో ఉన్న తెలుగువాళ్లు అటూ లేరు, ఇటూ లేరు. మిగతా షరతులన్నీ తిరగేశాడు. గవర్నరు గుర్రాలను ఏం చేయాలో ఒక షరతు చెబుతోంది. రేవులోని గంట ఎవరికి చెందుతుందో ఇంకొకటి తేలుస్తోంది. తనవాళ్ల మాట ఎక్కడా లేదు.

మధ్యాహ్నం భార్య పైడమ్మ అన్నం తెచ్చింది. వరండాలో కూర్చుని, "మన గురించేటి రాసినారు?" అని అడిగింది.

"ఏటీ నేదు."

"మరిసిపోనారేమో. ఓపాలి అడిగి సూడు."

అడిగాడు. రేపటినుంచి దీవి తమది కాదనీ, అడగాల్సింది తమని కాదనీ కార్యదర్శి దొర కళ్లజోడు తుడుచుకుంటూ చెప్పాడు. దీవివాళ్ల తరఫున వచ్చిన బెనావు పక్కగదిలో ఉన్నాడు. యుద్ధంలో ఎడమచెయ్యి పోగొట్టుకున్నవాడు. సూరప్పడు నన్ను పట్టుకుని వెళ్లి అతని ముందు నిలబడ్డాడు.

"అయ్యా, మీరు అడవిలో ఉన్నప్పుడు మా తమ్ముడు మీకు బియ్యం మోసేవాడు. దొరలు పట్టుకుని కాల్చేశారు. మా కోసం ఒక్క వాక్యం వేయించండి."

"ఆ బియ్యం నేనూ తిన్నాను," అన్నాడు బెనావు. "కానీ ఇప్పుడు నేనొక వాక్యం కదిపితే వాళ్లు పది కదుపుతారు. సంతకాలు ఆగిపోతాయి. ముందు యుద్ధం ఆగనీ. తరవాత మీ సంగతి నేను చూస్తాను."

మనసులో ఉన్నదే చెప్పాడనిపించింది నాకు.

సూరప్పడు బల్ల దగ్గరికి తిరిగొచ్చాడు. ఏడో షరతు కింద కాస్త జాగా ఉంది. సిరాలో ముంచిన పాళీ నా మీదికి వంగింది గాని తగల్లేదు. 'ఇక్కడ పుట్టినవాళ్లందరూ పౌరులే' అని పడితే చాలు. రాయి, రాయి అని నేను లోపల గింజుకున్నాను. కాగితం గింజుకుంటే ఎవరికి తెలుస్తుంది? దొంగ వాక్యం బయటపడితే తుపాకులు మళ్లీ పేలతాయని అతనికి తెలుసు. పాళీ మళ్లీ సిరాలో ముంచి ఎనిమిదో షరతు మొదలుపెట్టాడు.

మర్నాడు ఉదయం సంతకాలయ్యాయి. జనం వీధుల్లోకొచ్చి ఏడ్చారు, నవ్వారు. తోటల్లోని తెలుగువాళ్లూ డప్పులు కొట్టారు.

నాలుగు నెలలకే బెనావు జ్వరంతో పోయాడు. అతని స్థానంలో వచ్చిన అధికారికి బియ్యం సంగతి తెలియదు. నా నకలు పట్టుకుని తోటల్లోకి వెళ్లి, "మీరు పౌరులని ఇందులో ఎక్కడుందో చూపించండి," అన్నాడు. నన్నే చూపించి, వాళ్లచేత ఇళ్లు ఖాళీ చేయించారు. యుద్ధాన్ని ఆపినదాన్ని, ఒక్క ఇంటికి తాళం పడకుండా ఆపలేకపోయాను.

వాళ్లెవరూ పుట్టాక ఎన్నడూ చూసెరగని విశాఖపట్నానికి అందరినీ పంపాలని ఉత్తర్వు వచ్చింది. ఓడ వెళ్లిపోయాక వాళ్ల జాబితాను తెచ్చి, కచేరీలో నన్ను దాచిన పెట్టెలోనే, నా పక్కనే పెట్టారు. నాలుగువందల పన్నెండు పేర్లు. ఆ అక్షరాలు నాకు కొత్త కాదు. అంత బాగా రాసేవాళ్లు కచేరీలో ఇంకెవరూ లేరని సూరప్పడి చేతే రాయించారు.

పెట్టె మూస్తూ ఇద్దరు బంట్రోతులు మాట్లాడుకున్నారు. రేవులో పేర్లు పిలిచే పని కూడా అతనికే ఇచ్చారట. పైడమ్మ పేరు పిలిచి, ఆమె ఓడ మెట్లెక్కేదాకా ఆగాడట. ఆఖరున గొర్లె సూరప్పడు అని తనే పిలిచి, "ఉన్నానండీ" అని తనే పలికి, జాబితా అధికారి చేతికిచ్చి ఓడెక్కాడట.