మూడవ గడి

గ్రీష్మాంత ప్రచండ మార్తాండ కిరణ సంతప్తములై బీటలువాఱిన ప్రత్తిచేల నడుమ శ్వేతవర్ణ సమున్నత శిఖరముతో మింటిని పొడుచుచున్న ప్రథమ దేవాలయమును దానికి అరమైలు దూరమున రైలుకట్ట కావల ఱేకుకప్పు క్రింద నొదిగి కూర్చున్న బేతేలు ప్రార్థనామందిరమును ఒక్క ఆదివార ప్రాతఃకాలముననే గంటలు మ్రోగించుచు ఒక్క దేవునినే ఒక్క పాటలతోనే కీర్తించుచు తొంబదియైదేండ్లుగా ఒండొంటి గడప త్రొక్కకుండిన కెల్బర్న్ అను పట్టణము అమెరికా దేశ దక్షిణభాగమున మిసిసిపి రాష్ట్రమందు గలదు. మొదటి మందిరము తెల్లవారిది. రెండవది నల్లవారిది. గాలి వాలు కుదిరిన నాడు ఒకచోటి పాట మఱియొకచోటికి వినబడుచుండును గాని వినినట్లు ఒప్పుకొనువారు లేరు. ఈ కథ జరిగిన యేడు క్రీస్తుశకము వేయిన్ని తొమ్మిదివందల అఱువది రెండు. అది ఎన్నికల సంవత్సరము.

బేతేలు సంఘమున ఒడెల్లా ప్రూయిట్ అను అఱువదియేండ్ల విధవ యుండెను. ఆమె తెల్లవారి దేవాలయపు వస్త్రములుతికి పొట్టపోసికొనునది. సోమవారమున వెనుకతలుపున లోపలికి బోయి ప్రభురాత్రిభోజనపు బల్లమీది గుడ్డలను గాయకుల యంగీలను గంపకెత్తుకొని శనివారమున ఇస్త్రీచేసి మరల నప్పగించుచుండును. ఎంతటి మొండిమరకనైనను ఉప్పుతోను నిమ్మరసముతోను ఎండతోను మాయముచేయు విద్య ఆ పట్టణమున ఆమెకు దక్క నన్యులకు తెలియదు. మఱి యామె స్వభావమందామా, పుట్టు అనుమానపు మనిషి. ఎండ కాసిన వాన యెచ్చట దాగియున్నదో యని వెదకును. ఎవరైన నవ్విన ఏమి కావలెనని యడుగును. అనుమానము పెనుభూతమని సంఘమువారు పరిహసించినపు డెల్ల ఆ భూతమును పెంచుకొనుట చేతనే తానింతకాలము బ్రదికితినని ఆమె బదులుచెప్పుచుండెను.

అట్టి యామె యుతికిన గుడ్డలారవేయుచు బేతేలు పెరటియందు నిలిచియుండగా ఒక శుక్రవారము కార్విన్ మేబ్రీ కారు దిగి వచ్చెను. ఈతడు జిల్లా కచేరిలో ఓటరుల పుస్తకమును వ్రాయు అధికారి. ప్రథమ దేవాలయపు పెద్దలలో నొకడు. ప్రత్తిమిల్లునకు సొంతదారు. తన పదవికి మరల పోటీచేయుచున్నవాడు. నల్లవారి పేరు ఆ పుస్తకమున వ్రాసిన పాపమున ఏనాడును పోయినవాడు కాడు. అట్టివాడు అచ్చటనే యున్న బేతేలు సంఘకాపరియైన ఎజ్రా టాలీ యెదుట టోపీ తీసి చేతబట్టుకొనెను. అతివినయము ధూర్తలక్షణమను సూక్తి ఒడెల్లా వినియెఱుగదు గాని దాని యర్థమామెకు ఎముకలలోనే యుండెను.

"సహోదరుడా" అని మేబ్రీ పలికెను. "ఒక్కవారము గడచిన తరువాతి యాదివారమున మీ సంఘమంతయు మా దేవాలయమునకు విచ్చేసి మాతో కూడ ఆరాధింపవలెను. ఉత్తరదేశపు పత్రికలు మనమీద అపవాదములు వ్రాయుచున్నవి. వానికి ప్రేమతో బదులు చెప్పుదము."

"మేమెచ్చట కూర్చుందుము దొరగారూ?" అని ఒడెల్లా గుడ్డల తీగె చాటునుండి యడిగెను.

"పైన బాల్కనీయందు. అచ్చట గాలి చక్కగా వీచును" అని యాతడు నవ్వెను.

టాలీ ముసలివాడు. ఆశ చావనివాడు. ఈ దినము కొఱకే ముప్పదియేండ్లు ప్రార్థించితినని కన్నులు తుడుచుకొని ఒప్పుకొనెను. ఒడెల్లాకు మాత్రము ఆ రాత్రి అన్నము సయింపలేదు. ఏలయన ప్రతి మంగళవారమును ఆ బేతేలు మందిరమున తలుపులు మూసికొని ఒడెల్లాతో కూడ పదునలుగురు ఓటరు దరఖాస్తు నింపుట నేర్చుకొనుచుండిరి. అట్టి పాఠమొకటి జరుగుచున్నదని మేబ్రీ వినియుండెను. ఎవరెవరు వచ్చుచున్నారో మాత్రమాతనికి తెలియదు. తెలిసిన మఱునాటికే వారి పనులూడును. పనితో కూడ తలదాచుకొను గుడిసెలును పోవును. పదునాలుగు కుటుంబములు బిడ్డలతో బాటపాలగును.

ఆ వచ్చిన సోమవారమున ఆమె గంపతో దేవాలయము లోనికి బోయెను. ముఖద్వారపు బల్లమీద నెప్పుడు నుండు అతిథుల పుస్తకము తీసివేసి యుండిరి. దానిస్థానమున క్రొత్తపుస్తకము తెఱచియుండెను. పాతదానిలో రెండే గళ్ళు. పేరు, ఊరు. క్రొత్తదానిలో గీతగీసి మూడవ గడి నేర్పఱచిరి. ఒడెల్లా వ్రేలుపెట్టి మెల్లగా చదివెను.

యజమాని.

వచ్చిన తెల్ల యతిథులలో ఎవనిని నీ యజమాని యెవ్వడని ఆ ద్వారమున నడిగిరి? ఆ మాటను మున్ను ఎచ్చటనో చూచిన జ్ఞాపకము ఆమెను గుచ్చెను. తిన్నగా వస్త్రముల బీరువాకడకు నడచి అట్టడుగున మడతల క్రింద నున్న యెఱ్ఱతోలు అట్ట పుస్తకమును వెలికితీసెను. అది బానిసత్వపు నాటి సభ్యుల పట్టిక. ఆనాడు బానిసలును ఆ దేవాలయమునకే వచ్చి ఆ బాల్కనీయందే కూర్చుండిరి. స్వాతంత్ర్యము రాగానే దిగిపోయి రైలుకట్ట కావల బేతేలును కట్టుకొనిరి. పుటలు విప్పిచూడగా అందును మూడే గళ్ళు. పేరు, తోట, యజమాని. ఆఱవ వరుసలో రోడా అని యుండెను. అది ఒడెల్లాను ఒడిలో పెట్టుకొని పెంచిన యవ్వ పేరు.

అడుసు త్రొక్కనేల కాలు కడుగనేల యని బుద్ధి చెప్పుచుండినను ఆమె చేతులు వినలేదు. పట్టికను ప్రభుభోజనపు తెల్లదుప్పటిలో చుట్టి గంపలో పెట్టి వెనుకతలుపున వెడలిపోయెను. త్రోవలో జడివాన పట్టుకొనెను.

మంగళవారపు సాయంకాలము పాఠమునకు వచ్చినవారి యెదుట ఆమె ఆ పట్టికను పఱచి క్రొత్తపుస్తకపు సంగతి చెప్పెను.

"సహోదరీ, నీ యనుమానముతో దేవుని కార్యమును చెఱుపకుము" అని టాలీ నొచ్చుకొనెను.

"అయ్యగారూ, మన యజమాని యెవ్వరో దేవునికి తెలియదా? మనము పుస్తకమున వ్రాసి యాయనకు తెలుపవలెనా?"

ముసలివాడు పుటమీదికి వంగెను. "పోకుంటిమా" అని యనెను, "మేము పిలిచితిమి, విడిగా నుండుట వారికే యిష్టమని మేబ్రీ పత్రికలలో వ్రాయించును. ఆ మాటతోనే ఎన్నిక గెలుచును. పోయితిమా, మన పేర్లును ఎవరి క్రింద పనిచేయుచున్నామో అదియు వాని చేజిక్కును."

ముందు నుయ్యి వెనుక గొయ్యి యని వెనుకబల్లనుండి యొకరనిరి.

"పోవుదము. వ్రాయుదము. మన పేర్లు మాత్రము కాదు" అని ఒడెల్లా పట్టికమీద చేయి వేసెను.

"దేవుని మందిరమున అబద్ధము వ్రాయుదుమా?"

"అబద్ధమెట్లగును అయ్యగారూ? వీరందఱు ఆ దేవాలయపు సభ్యులే. ఆ బాల్కనీయందు కూర్చుండినవారే. వీరి పేర్లను ఇంతవఱకు ఎవ్వరును కొట్టివేయలేదు."

టాలీ ఆమెవంక చూచి ఎన్నాళ్ళకో నవ్వెను. ఆ వారమంతయు బేతేలు సంఘమువారు పట్టికలోని వరుసనే యజమానితో కూడ ఒక్కొక్క పేరు చొప్పున పంచుకొని వల్లెవేసిరి. శనివారమున పట్టిక మడతల క్రిందికి మరల చేరెను. తెల్లదుప్పటి మాత్రము చేరలేదు. వానకు తడిసిన యెఱ్ఱతోలు దానిమీద అచ్చుగ్రుద్దినట్లు నలుచదరపు మరక వేసెను. పట్టికను వారమంతయు దానిలోనే దాచియుంచుటచే ఉతుక వేళచాలక ఆమె రెండవ దుప్పటిని ఇచ్చివచ్చెను.

ఆదివారమున మేబ్రీ పుస్తకముప్రక్క నిలిచి ఒక్కొక్కరికి స్వహస్తముతో కలమందించుచుండెను. ఎదుట పత్రికలవారి కెమెరాలుండుటచే ఆతని చూపు వానిమీదనే. ఒడెల్లా తనవంతున రోడా యని వ్రాయుచుండగా ఆతడు చటుక్కున క్రిందికి చూచెను. పేర్లమీద ఆమె ముంజేయి యడ్డముండుటచే మూడవ గడి కొస యొక్కటే ఆతని కంటబడెను. మేబ్రీ, మేబ్రీ, మేబ్రీ యని యందుండెను. తన మిల్లున పనిచేయువారు పలువురు గావున ఆతడు తృప్తితో తలయూపి మరల కెమెరాలవైపు నవ్వెను. బాల్కనీయందు గాలి వీచనే లేదు.

మఱునాడు గుడ్డలకై పోయిన ఒడెల్లాకు ముఖద్వారపు బల్ల బోసిగా కనబడెను. తానే పొరబడితినేమో, మంచివారిని శంకించితినేమో యని ఆమె వారమంతయు లోలోన కుమిలినమాట నిజము. పుస్తకము బల్లమీదనే యుండిన ఆమె మోకరించి క్షమాపణ కోరుకొనియుండును. లేకుండుటచే గంప నచ్చటనే దించి కచేరికి నడచెను.

మేబ్రీ గది తలుపు ఉక్కకు తెఱచియుండెను. తోటల సొంతదార్లు ఎనమండుగురు బల్లచుట్టు మూగి ఎవరెవరిని పనినుండి తీయవలెనో వ్రాసికొనుటకు పెన్సిళ్ళు చెక్కుకొనియుండిరి. మేబ్రీ చదువుచుండెను.

"డైనా. యజమాని, జెప్తా మేబ్రీ. ఐజాకు. యజమాని, జెప్తా మేబ్రీ." ఆతడు చదువుట ఆపి ఆ పుటను మరల చూచెను.

"జెప్తా యెవడయ్యా? నీ మిల్లున నట్టివాడు లేడే" అని యొకడడిగెను.

"మా ముత్తాత" అని మేబ్రీ మెల్లగా పలికెను. తక్కినవారు పుస్తకము లాగికొని తమ తమ యింటిపేర్లు కనబడగా గుమ్మడికాయల దొంగ యనిన భుజములు తడుముకొన్నట్లు ఒకరిమొగ మొకరు చూచుకొనిరి.

తన యనుమానము నిజమైనందుకు ఒడెల్లాకు సంతోషము కలుగలేదు. ఏడుపు వచ్చెను. ఒక్కసారి, ఆ యొక్కసారియైన తాను పొరబడియుండిన నెంత బాగుండునని ఆమెకు తోచెను. కన్నులు తుడుచుకొని గడపకడ నిలిచెను.

మేబ్రీ తలయెత్తెను. "నిన్న వచ్చితివి గదా. నీ పేరిందు ఏది?"

"ఆఱవ వరుసలోనిది మా యవ్వ పేరు దొరగారూ. నా పేరును మీ రెండవ పుస్తకమున, ఓటరుల పుస్తకమున, వ్రాయింప వచ్చితిని. ఒడెల్లా ప్రూయిట్."

ఆతడు లేచి తలుపు మూసెను. ఆమె నడవలోని బల్లమీద సాయంకాలము వఱకు కూర్చుండెను. ఆనాడామె పేరు వ్రాయబడలేదు. తక్కిన పదుముగ్గురి పేర్లు ఎవ్వరికిని తెలియలేదు. తరువాత ప్రత్తితీతల నడుమ, దొరలు ఒక్క పనివానినైనను వదలుకొనలేని దినములలో, వారందఱు ఒక్కమాఱుగా కచేరి మెట్లెక్కిరి.

ఒడెల్లాను మాత్రము ప్రథమ దేవాలయపు పెద్దలు ఆ వారమే పనినుండి తీసివేసిరి. గుడ్డలన్నియు అప్పగింపుమని కబురంపగా ఆమె అన్నింటిని ఉతికి, తెల్లదుప్పటిని ఉతుకకయే మడిచి పంపెను. అది మేబ్రీ నాయనమ్మ కుట్టుపని చేసి యిచ్చినదగుటచే పాఱవేయుటకు ఎవ్వరికిని చేయాడలేదు. క్రొత్తగా పెట్టుకొన్నవారు ఉడుకబెట్టిరి, బండకు బాదిరి, ఎండగట్టిరి. మరక చెదరలేదు. తుదకు దానిమీద రొట్టెపళ్ళెరము నుంచి కప్పిరి. ఆ మరక తీయు విద్య తెలిసిన మనిషి రైలుకట్ట కావల ఇంకను బ్రదికియే యుండెను. ఆమెను పిలుచుటకు మాత్రము ఎవ్వరికిని మనసొప్పలేదు. కావున నెలకొక ఆదివారమున ఆ దేవాలయపు కాపరి రొట్టె విఱుచుటకై పళ్ళెర మెత్తినపు డెల్ల దాని క్రింద ఆ యెఱ్ఱని నలుచదరము కనబడుచునే యుండెను.