రేణు లాకర్

నా చెల్లెలు రేణు పోయిన మర్నాడు ఆమె బట్టలు తెచ్చుకోవడానికి, ఆమె నర్సుగా పనిచేసిన నర్సింగ్ హోమ్‌కి వెళ్ళాను. లాకర్ మీద అప్పటికే ‘నళిని’ అని అతికించి ఉంది. మూడు రోజుల క్రితం ఇండియా నుంచి విమానం దిగిన కొత్త నర్సు పిల్ల. నన్ను చూసి పక్కకు తప్పుకుంది.

నేను ఇక్కడే ఒక బడిలో పాఠాలు చెప్తాను. చూసినదీ, చూసినవాళ్ళు చెప్పినదీ మాత్రమే రాస్తాను.

అమెరికాలో హెర్న్‌డన్ ఊరి శివార్లలోని ఆ వృద్ధుల హోమ్ డాక్టర్ దామోదర్‌ది. మనవాడే. టెంపరరీ వీసాల మీద ఇండియా నుంచీ ఫిలిప్పీన్స్ నుంచీ పంతొమ్మిది మంది నర్సులను రప్పించాడు. ఇదివరకు ఒక్కొక్కరి గురించీ ప్రభుత్వం విచారించేది. ఇప్పుడు ఆ పని సులువు చేశారు. స్థానికులు దొరకడం లేదనీ, పని పరిస్థితులు బాగున్నాయనీ, సమ్మె ఏదీ లేదనీ యజమాని ఒక కాగితం మీద సంతకం చేసి, దాని నకలు గోడకు అంటిస్తే చాలు. వచ్చి చూసేవారు లేరు.

రేణుకి నాలుగు రోజులు నూట మూడు జ్వరం. సెలవడిగితే దామోదర్ నవ్వాడు. “నువ్వు పడుకుంటే నీ వీసా కూడా పడుకుంటుందమ్మా.” ఐదో రోజు దుప్పట్ల గదిలో కూలిపోయింది. చేతిలో ఎవరో ముసలాయన చార్ట్. అందులో ఆయన టెంపరేచర్ గంటగంటకూ రాసి ఉంది. రేణుది ఎవరూ రాయలేదు.

ఆదివారం నర్సులంతా మా అపార్ట్‌మెంట్‌కి వచ్చారు.

“నోరెత్తితే ఫ్లైట్ ఎక్కించేస్తాడక్కా” అంది ఉష.

“రేణు నోరెత్తలే. ఏమైంది మరి?” అంది వరంగల్ విజయశ్రీ.

“నీకేం, ఒంటిదానివి. నాకు పాప ఉంది.”

“పాపకు అమ్మ అక్కర్లేదా? జ్వరమొస్తే సెలవియ్యమంటున్నం, సింహాసనం కాదు!”

హోమ్ వాకిలి బయట గోడ మీది కాగితాన్ని విజయశ్రీ నాకోసం చూసి రాసి తెచ్చింది. పరీక్ష పేపరు చదివినట్టు చదివాను. మూడో వాక్యం: ‘ఇక్కడ సమ్మె లేదు.’

“మీరు పని ఆపితే ఇది అబద్ధమవుతుంది, అప్పుడు కొత్తవాళ్ళను తేలేడు” అన్నాను.

“మా వీసాలు?”

“పోవచ్చు.” ఆ పిల్లలకు అబద్ధం చెప్పలేకపోయాను.

విజయశ్రీ అంది: “చార్ట్‌ల రాయనిది జరగనట్టేనని మనకు నేర్పిన్రు గదా. రాద్దాం.”

సోమవారం మూడింటికి షిఫ్టు మారింది. పని ముగించినవాళ్ళు మందులూ చార్ట్‌లూ స్థానిక నర్సులకు అప్పగించి బయటికొచ్చారు. రావలసినవాళ్ళు లోపలికి పోలేదు. అందరూ ఆ గోడ దగ్గర నిలబడ్డారు. మూడో వాక్యం కింద విజయశ్రీ చార్ట్ రాసినట్టే రాసింది: ‘3:02. సమ్మె ఉంది. జ్వరంతో పనిచేయించగా నర్సు రేణు మృతి.’ సంతకం చేసింది. తర్వాత ఇంకొకరు. తర్వాత ఫిలిప్పీన్స్ అమ్మాయిలు.

దామోదర్ పరుగున వచ్చాడు. “నేను తేకపోతే మీ మొహాలకి అమెరికానా! అందరినీ డిపోర్ట్ చేయిస్తా!” కాగితం పీకి ముక్కలు చేశాడు.

“చింపండి డాక్టర్‌గారూ” అన్నాను. “బడి జిరాక్స్ మెషీన్ మీద ఈ కాగితానివి నలభై నకళ్ళు తీసుకొచ్చాను.”

నా చేతిలోంచి ఒకటి లాక్కుంది ఉష. గోడకు అదిమి మళ్ళీ మొదటినుంచి రాసింది. ఈసారి మొదటి సంతకం ఆమెది.

గంటలో ఇమిగ్రేషన్ వ్యాన్ వచ్చింది. విజయశ్రీకి బేడీలు వేశారు. వ్యాన్ మెట్టు మీద నిలబడి అరిచింది: “ఉషా, టైం రాయి!”

“నాలుగూ పదకొండు!”

రెండో వ్యాన్ కూడా వస్తోందన్నారు. ఒక్కరూ కదల్లేదు.

నళిని లోపలినుంచి వచ్చింది. ఆమె చేతిలో లాకర్ మీది కాగితం ఉంది, తన పేరున్నది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుంది.

“పెన్ ఇవ్వండక్కా” అంది నాతో. “టైమెంతయింది?”